అరగాల్సింది పూత, చెక్క కాదు

చెక్క నేలకు వేసే పూత ఉన్నదే అరిగిపోవడానికి. మన పాదాలు, కుర్చీ కోళ్లు, చెప్పులకంటుకుని లోపలికొచ్చిన ఇసుక, పిల్లల బొమ్మ కార్ల చక్రాలు రోజూ నేలను కొద్దికొద్దిగా తింటూనే ఉంటాయి. ఆ తినేదేదో పూతను తినాలి, చెక్క జోలికి రాకూడదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే ఏ పూత కొనాలి, ఎంత గీకాలి, మళ్లీ ఎప్పుడు పూయాలి అన్న ప్రశ్నలకు జవాబులు చాలావరకు వాటంతటవే దొరుకుతాయి.

నేను నల్లగొండ జిల్లాలో ఆముదం చేల మధ్య పెరిగాను. హైదరాబాదులో కెమిస్ట్రీ చదివి, అమెరికాలోని ఒహాయో రాష్ట్రం వచ్చి, క్లీవ్‌లాండ్‌లో పూతల రసాయనశాస్త్రమే వృత్తిగా బతికాను. రంగుల పరిశ్రమకు ఈ ఊరు పాత పుట్టిల్లు. షెర్విన్-విలియమ్స్ 1866లో, గ్లిడెన్ 1875లో ఇక్కడే మొదలయ్యాయి. పనిలో ఉన్నన్నాళ్లూ పూతను సీసాల్లో, గాజు పలకల మీద చూశాను. ఇళ్లలో చూడటం మొదలుపెట్టాక దాని విలువ ఇంకా బాగా తెలిసింది. ఇక్కడి మన తెలుగు కుటుంబాలు పాత ఇల్లు కొన్నప్పుడల్లా కార్పెట్ లేపి, కింద ఓక్ చెక్క చూసి, వెంటనే నాకు ఫోన్ చేస్తారు.

మా అన్న కూతురు అలాగే చేసింది. క్లీవ్‌లాండ్ హైట్స్‌లో వాళ్లు కొన్నది 1920ల నాటి ఇల్లు. "అత్తా, కార్పెట్ కింద చెక్క మంచిగుంది. ముందు గది తలుపు దగ్గర మాత్రం నల్లగైంది. మెషీన్ కిరాయికి తెచ్చి మొత్తం గీకేద్దామా, లేకుంటే ఉన్నదాని మీదనే ఇంకో పూత కొట్టేద్దామా?" అని అడిగింది. చాలామంది అడిగే ప్రశ్న ఇదే. అందుకే ఆ ఇంటి పనిని ఆధారం చేసుకుని, తెలుసుకోవాల్సినవన్నీ ఇక్కడ చెబుతున్నాను.

నేల లోపలి లెక్క

అమెరికా పాత ఇళ్లలో ఓక్ నేలంటే సాధారణంగా ముప్పావు అంగుళం మందం, రెండుంపావు అంగుళాల వెడల్పు ఉన్న పట్టీలు. ఒక పట్టీ అంచున నాలుక, పక్క పట్టీ అంచున గాడి. నాలుక గాడిలోకి దిగి కూర్చుంటుంది. మేకును నాలుక దగ్గర ఏటవాలుగా కొడతారు కాబట్టి పైకి కనబడదు. ముప్పావు అంగుళమంటే 19 మిల్లీమీటర్లు. చూడ్డానికి బోలెడంత చెక్క ఉన్నట్టే ఉంటుంది. కానీ గీకడానికి పనికొచ్చేది నాలుకకు పైనున్న భాగం మాత్రమే. అది దాదాపు 6 మిల్లీమీటర్లు.

మెషీన్‌తో నేలను పూర్తిగా గీకిన ప్రతిసారీ ఒక మిల్లీమీటరు దాకా పోవచ్చు. చేయి తిరగనివాళ్లు గీకితే ఇంకా ఎక్కువే పోతుంది. అంటే ఒక నేల తన జీవితకాలంలో అలాంటి గీకుడును కొన్నిసార్లే తట్టుకోగలదు. ఆ తర్వాత మేకు తలలు బయటపడతాయి, గాడి పై అంచు పలచబడి విరుగుతుంది. నూరేళ్ల ఇంట్లో ఆ కొన్నింటిలో ఎన్ని అయిపోయాయో ముందుగా చూసుకోవాలి. హీటర్ గాలి వచ్చే జాలీని పైకెత్తితే నేల అడ్డకోత కనిపిస్తుంది. స్కేలు పెట్టి కొలిస్తే నాలుక పైన ఎంత చెక్క మిగిలిందో తెలిసిపోతుంది. మా మేనకోడలి ఇంట్లో చేసిన మొదటి పని ఇదే. 5 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ ఉంది.

ఇప్పుడు పూత లెక్క చూద్దాం. ఒక గ్యాలన్ డబ్బా, అంటే 3.8 లీటర్లు, సుమారు 500 చదరపు అడుగులకు వస్తుంది. భాగహారం చేస్తే తడిగా ఉన్నప్పుడు పూత మందం 80 మైక్రాన్లు. నీటి ఆధారిత పూతలో మూడింట రెండు వంతులు ఆరిపోయి మిగిలేది 27 మైక్రాన్లు. మూడు పూతలు వేస్తే మళ్లీ 80 మైక్రాన్లు. మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు. మనకూ చెక్కకూ మధ్య నిలబడేది అంతే.

అప్పు వ్యవహారం తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చెక్క అసలు, పూత వడ్డీ. వడ్డీ ఎంత ఖర్చయినా మళ్లీ సమకూర్చుకోవచ్చు. అసలు కరిగితే ఇక తిరిగి రాదు. అందుకే పూత పూర్తిగా అరిగి చెక్క బయటపడకముందే, పైపైన తేలిగ్గా రుద్ది ఇంకొక్క పూత వేసుకోవడం అన్నిటికంటే తెలివైన పని. దీనికి చెక్కలో రవ్వంత కూడా పోదు.

ఆ స్థితి దాటిందో లేదో తెలుసుకోవడానికి నీటి చుక్క చాలు. ఎక్కువగా నడిచే చోట రెండు చుక్కలు వేసి కాసేపు చూడండి. చుక్క గుండ్రంగా నిలబడితే పూత ఉన్నట్టే. కొద్ది నిమిషాల్లో ఇంకిపోయి కింద చెక్క ముదురు రంగుకు తిరిగితే పూత పోయినట్టే. మా మేనకోడలి ముందు గదిలో తలుపు నుంచి మెట్ల దాకా ఉన్న దారంతా చుక్కలు ఇంకిపోయాయి. అక్కడ గీకక తప్పదు.

కింద ఏముందో తెలియకుండా పూయొద్దు

"పైనుంచి ఇంకో పూత" అన్న ఆలోచన చాలా ఇళ్లలో ఎందుకు బెడిసికొడుతుందంటే, పాత పూత ఏమిటో ఎవరూ చూడరు. ఈ రోజుల్లో నేలలకు ఎక్కువగా వేసే పాలీయురేథేన్ పూత మైనం మీద అతకదు. ఆరినట్టే కనిపిస్తుంది. కొన్నాళ్లకు పొరలు పొరలుగా లేస్తుంది.

పరీక్షలు తేలికే. తెల్ల గుడ్డను మినరల్ స్పిరిట్స్‌తో తడిపి నేల మూలలో రుద్దండి. గుడ్డకు పసుపు గోధుమ రంగు జిడ్డు అంటుకుంటే మైనం ఉన్నట్టు. ఇంకో మూలలో డీనేచర్డ్ ఆల్కహాల్ చుక్క వేయండి. పూత మెత్తబడి వేలికి జిగటగా తగిలితే అది లక్క పూత, అంటే షెలాక్.

మా మేనకోడలి ఇంట్లో అల్మారా లోపలి మూలలో చుక్క వేయగానే జిగటగా తగిలింది. అప్పుడు వాళ్లకు ఆ లక్క కథ చెప్పాను. మన దేశపు అడవుల్లో మోదుగ, రేగు కొమ్మల మీద లక్క పురుగు కాపురముంటుంది. అది విడిచే జిగురును గోకి, కరిగించి, వడగట్టి, పలచటి రేకులుగా చేస్తారు. ఇప్పటి ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల అడవుల్లో ఆదివాసులు సేకరించిన లక్క కలకత్తా రేవు నుంచి ఓడలెక్కి అమెరికా చేరేది. గ్రామఫోన్ రికార్డులూ దానితోనే చేసేవారు. యుద్ధకాలంలో కొరత వచ్చి, 1942లో రికార్డుల తయారీకి వాడే లక్కకు అమెరికా ప్రభుత్వం గట్టి కోత పెట్టింది కూడా. ఇళ్ల నేలలకు ఆ రోజుల్లో లక్క గానీ వార్నిష్ గానీ పూసి, పైన మైనం రుద్దడం మామూలు. లక్క త్వరగా ఆరుతుంది, అందంగా ఉంటుంది. కానీ నీళ్లు నిలిస్తే తెల్లమచ్చ పడుతుంది, సారాయి తగిలితే కరుగుతుంది. అందుకే ఈ కాలపు వాడకానికి అది పైపూతగా నిలవదు.

ఇంకో జాగ్రత్త తప్పనిసరి. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసం వాడకాన్ని 1978లో నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇంట్లో గోడ పట్టీల రంగునూ, పాత నేల పూతనూ సీసం పరీక్ష చేయించాకే గీకాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇందులో రాజీ వద్దు. సీసం దుమ్ము పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పరీక్షలో సీసం తేలితే ఆ పనికి లైసెన్సున్న వాళ్లకే అప్పగించాలి. మా మేనకోడలికి నడక నేర్చుకుంటున్న పాప ఉంది. ప్రయోగశాల నుంచి ఫలితం వచ్చేదాకా మెషీన్ ముట్టుకోనివ్వలేదు. ఫలితంలో సీసం లేదని వచ్చింది.

నల్లమచ్చలు, గీకుడు

తలుపు దగ్గరి నలుపు మురికి వల్ల వచ్చింది కాదు. ఓక్ చెక్కలో టానిన్ దండిగా ఉంటుంది. తడికి, ఇనుముకు టానిన్ తోడైతే నల్లరంగు పుడుతుంది. మన కలంకారీ పనివాళ్లు కరక్కాయలో ఊరేసిన బట్ట మీద ఇనుప నీళ్లతో నల్లగీత గీసేదీ ఈ రసాయన చర్యతోనే. అలాంటి మచ్చ లోతుగా దిగి ఉంటే, అది పోయేదాకా గీకితే అక్కడ గుంట పడుతుంది. పాత పూత తీసేశాక ఆక్సాలిక్ ఆమ్లం ద్రావణం రాస్తే మచ్చ చాలావరకు తేలిపోతుంది. అది విషం. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి. తర్వాత తడిగుడ్డతో బాగా తుడిచి, చెక్కను పూర్తిగా ఆరనివ్వాలి. ఆరిన ఆమ్లం పొడిని గీకి పీల్చకూడదు. మా మేనకోడలి గుమ్మం దగ్గర మచ్చ పూర్తిగా పోలేదు, నీడలా మిగిలింది. దాన్ని అలాగే ఉండనిమ్మన్నాను. ఆ నీడ కోసం రెండు మిల్లీమీటర్ల చెక్క పోగొట్టుకోవడం మంచి బేరం కాదు.

అద్దెకు దొరికే మెషీన్లలో డ్రమ్ము మెషీన్ బలమైనది. డ్రమ్ము తిరుగుతుండగా ఒక్క క్షణం నిలబెడితే చెక్కలో గాడి పడుతుంది. ఆ గాడి పూత వేశాక మరింత స్పష్టంగా కనబడుతుంది. కొత్తవాళ్లు మూడు నాలుగు బిళ్లలతో గుండ్రంగా కదిలే ఆర్బిటల్ మెషీన్ తీసుకోవడం మేలు. పని నిదానంగా సాగుతుంది, చెక్క మాత్రం క్షేమంగా ఉంటుంది. గోడ అంచులకు చిన్న మెషీన్, మూలలకు చేతి గీకుడు బ్లేడు వాడాలి.

ఉప్పు కాగితం నంబరు తక్కువైతే గరుకు ఎక్కువ. పాత పూత మందంగా ఉంటే 36తో, పలచగా ఉంటే 60తో మొదలుపెట్టి, 80 మీదుగా 100 దగ్గర ఆపాలి. పని జరిగేంత తక్కువ గరుకుతోనే మొదలుపెట్టాలన్నది సూత్రం. 36 నుంచి నేరుగా 100కు దూకితే మొదటి కాగితం గీసిన లోతైన గీతలు మిగిలిపోతాయి. అలాగని ఇంకా ఇంకా నున్నగా చేస్తే చెక్క మెరుగెక్కి పూత పట్టు తగ్గుతుంది. ప్రతి దశకు ముందు నేల మీద పెన్సిలుతో పలచగా అడ్డగీతలు గీయండి. గీతలన్నీ ఒకేలా చెరిగిపోయాయంటే ఆ కాగితం పని పూర్తయినట్టు. ఒక టార్చి లైటును నేలమీద అడ్డంగా పెట్టి చూస్తే దాగిన గీతలన్నీ బయటపడతాయి.

చెక్క దుమ్మును తేలిగ్గా తీసుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. ఎన్-95 మాస్కు లేకుండా గదిలోకి వెళ్లొద్దు. మెషీన్ దుమ్ము సంచి నిండకముందే ఆరుబయట ఇనుప డబ్బాలో ఖాళీ చేయాలి. మేకు తగిలి రేగిన నిప్పురవ్వ సంచిలో చేరితే, నెమ్మదిగా రాజుకుని రాత్రెప్పుడో మంటవుతుంది.

ఏ పూత?

పాలీయురేథేన్ 1937లో జర్మనీలోని లెవర్కుజెన్‌లో ఒట్టో బేయర్ బృందం చేతిలో పుట్టింది. ఈనాటి నేలలకు ఎక్కువగా వాడేది దాని వారసులనే. వాటిలో రెండు పెద్ద తరగతులున్నాయి.

మొదటిది నూనె ఆధారితం. అవిసె, సోయా వంటి నూనెలను ఫ్యాక్టరీలో ఐసోసైనేట్‌తో కలిపి ఈ రెజిన్ తయారుచేస్తారు. డబ్బా తెరిచి పూశాక రెండు పనులు జరుగుతాయి. ముందు ద్రావకం ఆవిరవుతుంది. తర్వాత నూనె అణువులు గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని ఒకదానితో ఒకటి ముడిపడతాయి. అందుకే మూసిన గదిలో అది సరిగ్గా ఆరదు. తేనెరంగు వస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. ఒక్కో పూత మందంగా పడుతుంది. వాసన ఘాటు. పూతకూ పూతకూ మధ్య సాధారణంగా ఒక రాత్రి ఆగాలి. పూర్తిగా గట్టిపడటానికి నెల దాకా పడుతుంది.

మా ఊరి ఆముదానికీ ఇందులో చోటుంది. మామూలు ఆముదం గాలికి ఎప్పటికీ ఆరదు. దాని కొవ్వు ఆమ్లంలో నీటి అణువుగా విడిపోగల భాగం ఒకటుంది. వేడి, ఉత్ప్రేరకాల సాయంతో ఆ నీటిని తొలగిస్తే పక్కపక్కన జంట బంధాలు ఏర్పడి, ఆరే నూనెగా మారుతుంది. అవిసె నూనెకంటే తక్కువ పసుపెక్కుతుంది. వార్నిష్‌లలో, ఆల్కిడ్ రంగుల్లో దీన్ని వాడతారు. మా నాన్న బండికెత్తి మార్కెట్‌కు పంపిన గింజలకు ఇంత శక్తి ఉందని మొదటిసారి చదివిన రోజు నాకు నా దారి దొరికింది.

రెండోది నీటి ఆధారితం. డబ్బాలో పాలలా ఉంటుంది. ఎందుకంటే పాలీయురేథేన్ కణాలు నీటిలో తేలుతుంటాయి. నీరు ఆవిరయ్యేకొద్దీ కణాలు దగ్గరకొచ్చి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి పారదర్శకమైన పొరగా మారతాయి. వాసన తక్కువ, పసుపెక్కదు, రెండు మూడు గంటల్లో మరో పూతకు సిద్ధం. ఒక్కో పూత పలచన కాబట్టి మూడు గానీ నాలుగు గానీ వేయాలి. వీటిలో గట్టిపరిచే ద్రవాన్ని విడిగా ఇచ్చే రెండు డబ్బాల రకం అన్నిటికంటే దృఢమైనది. ఆ ద్రవంలో తరచుగా ఐసోసైనేట్ ఉంటుంది. దాన్ని పీల్చినవాళ్లకు ఉబ్బసం రావచ్చు. రక్షణ సామగ్రి లేకుండా ముట్టుకోకూడదు.

ఇవి కాక మైనం కలిపిన గట్టి నూనెలున్నాయి. అవి చెక్కలోకి ఇంకుతాయి. తొందరగా అరుగుతాయి, కానీ అరిగిన చోట మాత్రమే మళ్లీ రాసుకోవచ్చు. నేలను క్రమం తప్పక చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకు ఇవి చక్కటి ఎంపిక.

మెరుపు గురించి ఒక మాట. ఎక్కువ మెరిసేది ఎక్కువ గట్టిది అనుకుంటారు. మెరుపు తగ్గించడానికి పూతలో సన్నని సిలికా పొడి కలుపుతారు, అంతే తేడా. ఆ పొడి డబ్బా అడుగున చేరుతుంది కాబట్టి కర్రతో అడుగునుంచి నెమ్మదిగా కలపాలి. డబ్బాను ఊపితే బుడగలు వస్తాయి. తక్కువ మెరుపున్న పూత మీద గీతలు, దుమ్ము తక్కువగా కనబడతాయి. పిల్లలున్న ఇంటికి అదే నయం.

మా మేనకోడలు నీటి ఆధారిత పూతనే ఎంచుకుంది. పాత తేనెరంగు పోతుందేమోనని అల్లుడికి దిగులు. అందుకు ముందు తేనెరంగు తెచ్చే సీలర్, అంటే పూత కింద వేసే తొలి పొర, ఒకటి వేసి, దానిమీద మూడు పూతలు వేశాం. సీలర్, పూత ఒకే తయారీదారువి తీసుకుంటే వాటి పొత్తు కుదురుతుందా అన్న బెంగ ఉండదు.

పూసే రోజు

చెక్క గాలిలోని తేమను పీలుస్తూ వదులుతూ ఉంటుంది. క్లీవ్‌లాండ్‌లో చలికాలం హీటర్ వేస్తే ఇంటి గాలి ఎండిపోయి పట్టీల మధ్య సందులు తెరుచుకుంటాయి. వేసవిలో మూసుకుంటాయి. పూత ఈ రాకపోకలను నెమ్మదింపజేస్తుంది కానీ ఆపలేదు. గదిలో ఉష్ణోగ్రత 18 నుంచి 24 డిగ్రీల సెల్సియస్, గాలిలో తేమ 30 నుంచి 50 శాతం ఉన్న రోజులు చూసుకోండి. సందుల్లో గట్టి లప్పం కూరొద్దు. వేసవిలో చెక్క ఉబ్బినప్పుడు అది చిట్లి బయటికొస్తుంది.

వాక్యూమ్ చేసి, తడి పిండేసిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ వాక్యూమ్ చేయాలి. ఈ దశ నుంచి నేలకు నూనె తగలకూడదు. తలకు రాసుకున్న కొబ్బరినూనె ఒక్క చుక్క రాలినా అక్కడ పూత పరుచుకోక గుండ్రటి గుంటలా విడిపోతుంది. ఫర్నిచర్ పాలిష్‌లలోని సిలికోనూ అంతే. ఆ రోజు వంటింట్లో పోపులు, వేపుళ్లు వద్దని మా మేనకోడలికి ముందే చెప్పాను.

తలుపుకు ఎదురుగా ఉన్న దూరపు మూలలో మొదలుపెట్టి, చెక్క చారల వెంట పూస్తూ తలుపు వైపు వెనక్కి రావాలి. తడి అంచు ఆరకముందే పక్క వరస కలవాలి. అందుకే ఇద్దరుండటం మేలు. ఒకరు గోడ అంచులు కుంచెతో పూస్తుంటే ఇంకొకరు పొడుగు పిడి ఉన్న ప్యాడుతో మధ్యభాగం లాగాలి. ఆరడం మొదలైన చోటికి తిరిగి వెళ్లొద్దు. తడి నేలమీదికి ఫ్యాను పెట్టొద్దు. నీటి పూత మొదటిసారి పడ్డాక చెక్క నూగు లేచి గరుగ్గా అవుతుంది. ఆరాక 220 కాగితంతో తేలిగ్గా రుద్ది, దుమ్ము తీసి, తర్వాతి పూత వేయాలి. ఇలా రుద్దడం పూతల మధ్య పట్టుకూ పనికొస్తుంది.

నడవడానికి మర్నాడు సాక్సులతో వెళ్లొచ్చు. సామాను రెండు మూడు రోజుల తర్వాత, ఈడ్వకుండా ఎత్తి పెట్టాలి. తివాచీ మాత్రం డబ్బా మీద రాసిన గడువు పూర్తయ్యేదాకా పరవకూడదు. నీటి పూతకు వారం నుంచి రెండు వారాలు, నూనె పూతకు నెల పట్టవచ్చు. ఆరడం వేరు, పండటం వేరు.

నిప్పు సంగతి

ఈ భాగాన్ని దయచేసి రెండుసార్లు చదవండి. ఆరే నూనె ఆక్సిజన్‌ను పట్టుకునేటప్పుడు వేడి పుడుతుంది. నేలమీద పలచగా ఉన్నప్పుడు ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే వేడి లోపలే చిక్కుకుని పెరుగుతుంది. ఏ అగ్గిపుల్లా లేకుండా గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది.

1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం ఇలాగే తగలబడింది. 22వ అంతస్తులో చెక్క పని చేశాక వదిలేసిన అవిసె నూనె గుడ్డలే మూలం. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాయి. 30వ అంతస్తులో నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు ఉండటంతో మంట అక్కడ ఆగింది. నూనె గుడ్డలను ఒక్కొక్కటిగా విప్పి ఆరుబయట ఆరేయాలి. లేదా నీళ్లు నింపిన ఇనుప డబ్బాలో ముంచి గట్టిగా మూత పెట్టాలి.

ఆవిరి మరో ముప్పు. మాసచూసెట్స్‌లో 2004, 2005 సంవత్సరాల్లో జరిగిన రెండు ప్రమాదాల్లో చెక్క నేలలు మెరుగుపెట్టే వియత్నాం కార్మికులు ముగ్గురు కాలి చనిపోయారు. వాళ్లు వాడింది ఇట్టే మంటందుకునే లాకర్ సీలర్. ద్రావకం ఉన్న ఏ పూత వేసినా ముందు గ్యాస్ పొయ్యి, నీళ్ల హీటరులోని చిన్న మంట, అన్నీ ఆపేసి కిటికీలు తెరవాలి. పనివాళ్లను పెట్టి చేయించేటప్పుడు వాళ్లు ఏ డబ్బా తెచ్చారో అడగండి. వాళ్ల ప్రాణాలకు ఇంటివాళ్లుగా మనకూ బాధ్యత ఉంది.

మన ఇళ్లలో

చెప్పులు గుమ్మం బయట వదిలే మన అలవాటు చెక్క నేలకు వరం. ఇసుక రేణువు పూతకంటే గట్టిది, అది లోపలికి రాకపోవడమే సగం రక్షణ. గుమ్మం లోపలా బయటా పట్టలు వేయండి. కుర్చీ కోళ్లకు ఫెల్ట్ ముక్కలు అంటించి, అరిగినప్పుడు మార్చండి.

మార్చుకోవాల్సిన అలవాటు నీళ్లది. పండగకు బకెట్లతో నేల కడగడం గచ్చుకూ బండలకూ సరిపోతుంది. చెక్కకు తడి పిండేసిన గుడ్డ చాలు. ఆవిరి మాప్ వద్దే వద్దు. మెరుపు కోసం అమ్మే మైనం, నూనె సబ్బులు కూడా వద్దు. అవి ఈ రోజు మెరిపించి, రేపు వేయాల్సిన పూతను అతకనివ్వవు. దేవుడి దీపం కింద ఇత్తడి పళ్లెం, పూల కుండీ కింద సాసరు పెట్టండి. పసుపు ఒలికితే వెంటనే తుడవండి.

హైదరాబాద్, విశాఖ ఫ్లాట్లలో ఇప్పుడు పడకగదులకు చెక్క నేలలు వేయించుకుంటున్నవాళ్లకు ఒక సూచన. లామినేట్ అంటే చెక్క బొమ్మ ముద్రించిన కాగితం మీద గట్టి రెజిన్ పొర. దాన్ని గీకితే పాడైపోతుంది, అరిగితే మార్చడమే. ఇంజినీర్డ్ వుడ్ అయితే పైన నిజమైన చెక్క పొర ఉంటుంది. అది ఎన్ని మిల్లీమీటర్లో కొనేముందే అడగండి. అర మిల్లీమీటరు పొరను గీకలేం. మూడు నాలుగు మిల్లీమీటర్లుంటే ఎప్పుడైనా ఒకసారి గీకించుకోవచ్చు. తలుపులకూ మంచాలకూ వేసే మెలమైన్ పాలిష్‌ను నేలకు వేయించొద్దు. అది పెళుసు, ఆరేటప్పుడు ఫార్మాల్డిహైడ్ విడుస్తుంది. నేలకోసమే తయారైన పీయూ, అంటే పాలీయురేథేన్, పూతను అడిగి తీసుకోండి.

చివరగా, మా మేనకోడలి చేత చేయించిన పని మీరూ చేయండి. ఏ సీలర్, ఏ పూత, ఎన్ని పూతలు, ఏ నెల, ఏ సంవత్సరం, నాలుక పైన ఇంకా ఎన్ని మిల్లీమీటర్ల చెక్క మిగిలిందీ ఒక కాగితం మీద రాసి అల్మారా తలుపు లోపల అంటించండి. ఏడాదికోసారి అదే దారిలో నీటి చుక్క పరీక్ష చేసి, తేదీ వేయండి. పూత పలచబడిందనిపించగానే పైపైన రుద్ది, అదే రకం పూత ఇంకొకటి వేయండి. ఆ కాగితం ఉంటే మీ తర్వాత ఆ ఇంట్లోకి వచ్చేవాళ్లు కూడా జాలీ ఎత్తి కొలవక్కర్లేదు, గీకుడు మెషీన్ తేనక్కర్లేదు. నేల మిగిలుంటుంది.